ఖాళీ పికప్ ఎందుకంత కుదిపేస్తుంది? షాక్‌లు మార్చే ముందు చూడాల్సినవి

పికప్ ఉన్నవాళ్ళు ఇద్దరు కలిస్తే మైలేజీ తర్వాత వచ్చే మాట ఒకటే: "వెనక ఎగిరెగిరి పడుతోందన్నా." మదనపల్లె మార్కెట్‌కి టమాటా తోలే డ్రైవరూ ఇదే అంటాడు, హైదరాబాద్‌లో ముచ్చటపడి ఇసుజు వి-క్రాస్ కొనుక్కున్న ఐటీ ఉద్యోగీ ఇదే అంటాడు. ఇద్దరికీ దొరికే సలహా కూడా ఒకటే: "షాక్‌లు పోయుంటాయి, మార్పించెయ్." మార్పిస్తారు. డబ్బు ఖర్చవుతుంది. వారం తిరక్కుండానే మళ్ళీ అదే మాట.

కుదుపు ఒకటే రోగం అనుకోవడం దగ్గరే ఈ పొరపాటంతా మొదలవుతుంది. బండి కుదపడానికి కనీసం ఆరు కారణాలుంటాయి: స్ప్రింగు గట్టిదనం, టైరులో గాలి, కమాన్ (వెనక బరువు మోసే, విల్లులా వంగిన ఇనుప పట్టీల స్ప్రింగు) పట్టీల మధ్య రాపిడి, కమాను కొసల్లో ఉండే రబ్బరు బుష్‌లు, కమాను పూర్తిగా కుంగితే ఆపే బంప్ రబ్బర్లు, ఊపుని ఆపే షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు). ఒక్కోటీ ఒక్కో రకంగా కుదుపుతుంది. ఏ రోడ్డు మీద, ఎంత వేగంలో, ఖాళీగానా లోడుతోనా, నడుముకి తగులుతోందా స్టీరింగ్‌కి తగులుతోందా అని గమనిస్తే చాలావరకు రెంచి పట్టుకోకముందే సంగతి తేలిపోతుంది. నేను చూసినంతలో షాక్‌ల తప్పు బయటపడేది చివర్లోనే. ముందు బయటపడేవి ఖర్చు లేనివి, లేదా అరపూట పనితో పోయేవి.

ఖాళీ బండి లెక్క

ముందుగా తేల్చుకోవాల్సింది, ఇది రోగమా, బండి స్వభావమా అన్నది.

స్ప్రింగు మీద బరువు పెడితే అది కొంత కుంగుతుంది. ఆ కుంగుడే బండి ఊపు ఎంత వేగంగా ఉంటుందో చెబుతుంది. కుంగుడును సెంటీమీటర్లలో తీసుకుని, దాని వర్గమూలంతో 5ని భాగించండి. సెకనుకు ఎన్ని ఊపులో దాదాపుగా వచ్చేస్తుంది. 25 సెంటీమీటర్లు కుంగే స్ప్రింగు మీద బండి సెకనుకు ఒక్కసారి ఊగుతుంది. మామూలు కార్లు ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఉంటాయి. హాయిగా అనిపించేది అక్కడే.

ఇప్పుడు పికప్ సంగతి. లెక్క సులువుగా ఉండడానికి, వెనక స్ప్రింగుల మీద ఖాళీ బండి బరువు 500 కిలోలు అనుకుందాం. రెండు వైపుల కమాన్లూ కలిపి సెంటీమీటరు కుంగాలంటే 100 కిలోలు కావాలనుకుందాం. ఖాళీగా కుంగేది 5 సెంటీమీటర్లు. అంటే సెకనుకు 2.2 ఊపులు. దాని మీద వెయ్యి కిలోల సరుకు వేస్తే కుంగుడు 15 సెంటీమీటర్లవుతుంది, ఊపులు 1.3కి దిగుతాయి. అంటే అదే బండి, అదే కమాను, అదే డ్రైవరు. లోడుతో కారులా పోతుంది, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు నడుము విరగ్గొడుతుంది. నిజం బండ్లలో లోడు పడ్డాక అడుగున ఉన్న దళసరి హెల్పర్ పట్టీ కూడా పనిలోకి దిగుతుంది కాబట్టి అంకెలు కొంచెం మారతాయి, కథ మాత్రం మారదు.

నిలువు కుదుపుల్లో మనిషి ఒంటికి అన్నిటికన్నా ఎక్కువ బాధ పెట్టేవి సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవి. పొట్టలో అవయవాలు, వెన్నెముక ఆ లయకి సులువుగా ఊగిపోతాయి. ఖాళీ పికప్ వెనక భాగం ఆ హద్దు వైపు జరుగుతుంది. పైగా బరువైన యాక్సిల్ గొట్టం, డిఫరెన్షియల్, చక్రాలు అన్నీ కలిసి స్ప్రింగు కింద వేలాడుతుంటాయి. పైన ఉన్న బరువు తక్కువ, కింద ఎగిరే బరువు ఎక్కువ. గుంతలో పడ్డ ప్రతిసారీ కిందిది పైదాన్ని తంతుంది.

టన్ను సరుకు మోయమని చేసిన బండి నుంచి ఖాళీలో కారు సుఖం రాదు. దీన్ని ఇంజనీర్లు కూడా ఊరికే వదిలెయ్యలేదు. అమెరికాలో రామ్ 1500కి 2009 మోడల్ నుంచి వెనక కమాన్లు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్ళు ఆ బండి నడిపి "ఇది పికప్‌లా లేదే" అనుకుంటే కారణం అదే. మన దగ్గర మాత్రం శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న వి-క్రాస్‌కి ముందు కాయిల్ స్ప్రింగులున్నా వెనక కమాన్లే. సరుకు బండ్లకైతే ఇంకా చెప్పక్కర్లేదు. కమాను చవక, గట్టి, యాక్సిల్‌ని పట్టుకునే పనీ అదే చేస్తుంది, విరిగితే ఏ ఊళ్ళోనైనా బాగుచేస్తారు. సరుకు మోసేవాడికి ఇవి చిన్న విషయాలు కావు.

బస్తాల పరీక్ష

రోగమా స్వభావమా అని తేల్చడానికి ఏ మెషీనూ అక్కర్లేదు. ఇసుక నింపిన 50 కిలోల బస్తాలు నాలుగు చాలు. వాటిని వెనక యాక్సిల్‌కి సరిగ్గా పైన, లేదా కాస్త ముందుకి, క్యాబిన్ వైపు పేర్చి, కదలకుండా తాడుతో గట్టిగా కట్టండి. తోకవైపు వేస్తే ముందు చక్రాలు తేలికైపోతాయి, అది ప్రమాదం. ఇప్పుడు రోజూ పోయే రోడ్డు మీదే, రోజూ పోయే వేగంలోనే నడపండి.

200 కిలోలకే బండి తీరు మారిపోయి నిమ్మళంగా పోతుంటే, విడిభాగాల్లో తప్పు లేదు. మీ వాడకానికి ఆ కమాను గట్టిది, అంతే. బస్తాలు వేసినా అదే దడదడ ఉంటే ఏదో బిగుసుకుపోయిందని అర్థం: రాపిడి, బుష్‌లు, టైర్లు, షాక్‌లు. చిన్న గతుకులకి బాగుండి, పెద్ద గుంతలో "దభీ"మని ఇనుము తగిలినట్టు కొడితే బంప్ రబ్బరు మీదికి పోయి ఆగుతోందని. ఈ మూడు జవాబులూ మూడు వేర్వేరు దారులు. దారి తెలియకుండా ఆటోనగర్‌కి వెళితే, విజయవాడదైనా మరే ఊరిదైనా, ఎదురుగా ఏ షాపు కనిపిస్తే ఆ వైద్యం జరుగుతుంది.

పరీక్షకి రోడ్డు ఎంచుకునేటప్పుడు ఒక మాట. కాలనీల్లో ఎవరికి వాళ్ళు పోసుకున్న ఇరుకు స్పీడ్ బ్రేకర్లతో బండిని తూచకండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ అంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 25 కిలోమీటర్ల వేగంలో ఇబ్బంది లేకుండా దాటేలా ఉండాలి. అడుగు వెడల్పు సిమెంటు దిమ్మె మీద ఏ బండైనా ఎగురుతుంది.

గాలి

టైరు కూడా ఒక స్ప్రింగే. దాని గట్టిదనం దాదాపుగా అందులోని గాలిని బట్టే ఉంటుంది. డ్రైవర్ తలుపు తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కరు కనిపిస్తుంది, లేదంటే మాన్యువల్‌లో ఉంటుంది. చాలా పికప్‌లకి అందులో రెండు అంకెలుంటాయి, ఖాళీ బండికి ఒకటి, నిండు లోడుకి ఒకటి. మన దగ్గర ఎక్కువమంది లోడు అంకె దగ్గర పెట్టించి ఏడాదంతా దాంతోనే తిరుగుతారు. ఇంకొందరు టైరు పక్కగోడ మీద రాసున్న గరిష్ఠ అంకెనే సరైన అంకె అనుకుంటారు. అది ఆ టైరు తట్టుకోగల హద్దు మాత్రమే. మీ బండి కోసం చెప్పింది కాదు.

గాలి చల్లని టైరులో చూడాలి, బండి ఆపి మూడు గంటలైనా అయ్యాక. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పెరిగితే గాలి ఒక పీఎస్ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం హైవే మీద నడిచొచ్చిన టైరులో కొలిచిన అంకెకి అర్థం లేదు. పంక్చర్ షాపులో మీటరు ఏళ్ళ తరబడి నేలమీద పడుతూ లేస్తూ ఉంటుంది కాబట్టి సొంతంగా ఒక మంచి గేజి కొనుక్కోవడం దండగ కాదు.

స్టిక్కరులోని ఖాళీ అంకెకి దించాక కుదుపు సగం తగ్గిన బండ్లు చాలా ఉంటాయి. ఆ అంకె కంటే కిందికి మాత్రం వద్దు. లోడు ఎత్తే ముందు తిరిగి లోడు అంకెకి నింపడం మరవొద్దు. తక్కువ గాలితో టన్ను బరువు మోసే టైరు లోలోపల వేడెక్కి, హైవే మీద పేలుతుంది.

టైర్లు మార్చిన బండి అయితే ఏ రకం వేశారో చూడండి. లారీల తరహా లైట్ ట్రక్ టైరు పక్కగోడ మందం, గట్టిది. సరుకుకి అది కావాలి, ఖాళీగా తిరిగే బండికి అక్కర్లేదు. పెద్ద అల్లాయ్ వేసి పక్కగోడ పొట్టిగా ఉన్న టైరు తొడిగితే, గుంతకీ చక్రానికీ మధ్య ఉన్న మెత్తదనమంతా పోయినట్టే. చూపుకి బాగుంటుంది, నడుముకి బాగుండదు.

కమాను కదలకపోతే

ఇదీ ఎవరూ వెతకని చోటు. నా మటుకు, నాలుగేళ్ళు దాటిన పికప్‌లో ముందుగా చూడాల్సింది ఇదే.

కమాన్ కట్టలో నాలుగైదు పట్టీలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. కమాను వంగిన ప్రతిసారీ ఆ పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి. కొత్త బండిలో పట్టీల కొసల దగ్గర నైలాన్ ముక్కలు ఉంటాయి, జారుడు సాఫీగా ఉంటుంది. అవి అరిగి రాలిపోయాక ఇనుము మీద ఇనుము. వాన, బురద చేరి తుప్పు పడితే పట్టీలు అతుక్కున్నంత పని అవుతుంది. భీమవరం వైపు చేపలు, రొయ్యలు తోలే బండ్లలో ఐసు కరిగి కారిన ఉప్పు నీళ్ళు నేరుగా కమాన్ల మీదే పడుతుంటాయి. అక్కడ తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

తుప్పు పట్టిన కమాను పెద్ద గుంతలో వంగుతుంది, ఎందుకంటే ఆ దెబ్బ రాపిడిని దాటేంత పెద్దది. చిన్న చిన్న గరుకులకి మాత్రం అసలు కదలదు. అప్పుడు బండికి ఉన్న స్ప్రింగు టైరు ఒక్కటే. చూడ్డానికి బాగానే ఉన్న తారు రోడ్డు మీద సీటులో సన్నగా, ఆగకుండా వణుకు వస్తుంటే, స్పీడ్ బ్రేకరు మాత్రం పర్వాలేదనిపిస్తుంటే, అది రాపిడి గుర్తు. ఇలాంటి బండికి కొత్త షాక్‌లు వేస్తే ఒరిగేదేమీ లేదు. కమానే కదలనప్పుడు షాకు కదిలేదెక్కడ?

దీన్ని కొలవొచ్చు. బండిని చదునైన చోట నిలిపి, వెనక చక్రం మధ్య నుంచి మడ్గార్డు అంచు దాకా టేపుతో ఎత్తు కొలవండి. ఇద్దరు మనుషులు వెనక బంపరు మీద ఎక్కి నెమ్మదిగా దిగాలి, ఎగరకూడదు. మళ్ళీ కొలవండి. తర్వాత ఛాసిస్ కింద జాకీ పెట్టి కొంచెం ఎత్తి, మెల్లగా దించి, జాకీ పూర్తిగా తీసేసి మూడోసారి కొలవండి. కమాను స్వేచ్ఛగా కదిలితే రెండో కొలత, మూడో కొలత దాదాపు ఒకటే ఉంటాయి. తొక్కి వదిలాక బండి కిందే ఉండిపోయి, ఎత్తి దించాక పైనే ఉండిపోయిందంటే ఆ తేడా అంతా రాపిడి. రెండు వైపులా చూడండి. ఒకవైపే బిగుసుకున్న బండ్లు కూడా ఉంటాయి.

మందేంటంటే కట్ట విప్పడమే. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. పట్టీలన్నిటినీ కలిపి పట్టుకున్న సెంటర్ బోల్టు విప్పగానే అవి ఎగిరి విడిపోతాయి, అందుకే ముందు శిగంజిలో బిగించి, తర్వాత బోల్టు తీసి, మెల్లగా వదలాలి. కమాన్ల పని చేసే మేస్త్రీకి ఇది రోజూ ఉండేదే. ఆ సమయంలో మీరు పక్కనే నిలబడి రెండు చోట్ల చూడమని అడగండి. ఒకటి, ప్రతి పట్టీలో సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ వెంట్రుకలాంటి పగులు ఏమైనా ఉందా. రెండు, కింది పట్టీ కొస పై పట్టీని కోసి గాడి పెట్టిందా. గాడి పడ్డ చోటే రేపు విరుగుతుంది. తుప్పంతా వైరు బ్రష్షుతో గీకి, కొసలకి కొత్త నైలాన్ ముక్కలు పెట్టి, గ్రాఫైట్ పూత వేసి బిగిస్తే కమాను మళ్ళీ కమానులా పని చేస్తుంది.

వాడేసిన ఇంజనాయిలో, డీజిలో కమాన్ల మీద చల్లడం మన దగ్గర పాత అలవాటు. నాలుగు రోజులు బాగానే అనిపిస్తుంది. ఆ నూనె పక్కనే ఉన్న రబ్బరు బుష్‌లలోకి చేరి రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తుంది, దానికి అంటిన దుమ్ము సానరాయిలా పట్టీలను అరగదీస్తుంది. ఆ పని వద్దు.

చక్రాలు నేలమీద ఉండగా బిగించాల్సిన బోల్టు

కమాను ముందు కొసన ఒక కన్ను, వెనక కొసన ఇంకో కన్ను. ముందుది నేరుగా ఛాసిస్‌కి, వెనకది షాకిల్ అనే ఊగే లింకుకి తగిలించి ఉంటుంది. రెండు కళ్ళల్లోనూ రబ్బరు బుష్‌లు ఉంటాయి. చాలా బండ్లలో ఈ బుష్ తిరగదు, మెలిపడుతుంది. దాని లోపలి ఇనుప గొట్టాన్ని బోల్టు బ్రాకెట్‌కి నొక్కిపడుతుంది, బయటి అంచు కమాను కన్నులో బిగుసుకుని ఉంటుంది. కమాను కదిలినప్పుడు మధ్యలో ఉన్న రబ్బరు అటూ ఇటూ మెలితిరిగి తిరిగి వస్తుంది.

ఇక్కడే జరిగే తప్పు ఒకటుంది. బండిని లేపి, చక్రాలు గాల్లో వేలాడుతుండగా కొత్త బుష్‌లు వేసి, అలాగే బోల్టులు టైటుగా బిగించేస్తారు. ఆ క్షణంలో రబ్బరుకి అదే "మామూలు" స్థితి. బండిని కిందికి దించగానే కమాను చదునవుతుంది, రబ్బరు ఒకవైపుకి పూర్తిగా మెలిపడుతుంది. ఇక అప్పట్నుంచి ఆ బుష్ ఒక అదనపు స్ప్రింగులా పని చేస్తుంది, బండి ఒకట్రెండు సెంటీమీటర్లు ఎత్తుగా కూడా నిలబడుతుంది. గుంత పడితే మెలిక ఇంకా పెరుగుతుంది. కొన్ని నెలల్లో రబ్బరు చిరిగిపోతుంది, అప్పుడు కిర్రుకిర్రుమనే చప్పుడు మొదలవుతుంది. "కొత్త బుష్‌లు వేయించినప్పట్నుంచే గట్టిగా ఉంది" అన్నవాళ్ళ బండ్లలో ఎక్కువగా దొరికేది ఇదే.

బాగుచేయడానికి పైసా సామాను అక్కర్లేదు. షాకిల్ బోల్టులు, కమాను ముందు కన్ను బోల్టు, షాక్ కింది బోల్టు నట్లు కాస్త వదులు చేసి, బండిని చక్రాల మీద నిలపాలి. రెండుసార్లు ముందుకీ వెనక్కీ కదిపి, వెనక భాగం ఊపి, కమాను తన చోట కుదురుకున్నాక, అలా నేలమీద ఉండగానే కంపెనీ చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించాలి. ముందు వైపు, చక్రాన్ని ఛాసిస్‌కి పట్టుకునే కంట్రోల్ ఆర్ముల బుష్‌లకీ ఇదే నియమం. రబ్బరు బదులు ఇనుప పిన్ను, గ్రీజు నిపుల్ ఉన్న రకం బండి అయితే ఈ గొడవ లేదు. దానికి వేళకి గ్రీజు కొట్టడమే ప్రాణం. ఆ పిన్ను ఎండిపోతే బుష్ కంటే మొండిగా బిగుసుకుంటుంది.

షాకిల్‌ని పక్కనుంచి ఒకసారి చూడండి. కమాను చదునైనప్పుడు పొడవు పెరుగుతుంది, ఆ పెరిగిన పొడవు పోయేది షాకిల్ ఊగడంలోనే. అది వెనక్కి వాలి ఊగడానికి చోటుండాలి. నిటారుగానో ఎదురువైపుకో నిలబడినా, ఛాసిస్‌కి ఆనుకున్నా ఎంత మంచి కమానైనా ఎదురుతంతుంది. అదనపు పట్టీలు వేసి వంపు పెంచిన బండ్లలో ఈ లోపం కనిపిస్తుంది.

రబ్బరు దిమ్మె, ముందు చక్రాల ఎత్తు

యాక్సిల్ పైన, ఛాసిస్ కింద ఒక రబ్బరు దిమ్మె ఉంటుంది. కమాను పూర్తిగా కుంగినప్పుడు ఇనుముకి ఇనుము తగలకుండా ఆపేది అదే. బండి దాని మీదికి పోతోందో లేదో తెలుసుకోవడానికి, యాక్సిల్ మీద ఆ దిమ్మె తగిలే చోట సుద్ద దట్టంగా రాసి ఒక రోజు తిప్పండి. సుద్ద రబ్బరుకి అంటితే తగులుతున్నట్టే. షాక్ రాడ్ బయటికి కనిపించే రకమైతే దానికి ఒక ప్లాస్టిక్ టై కట్టి, అది ఎంత పైకి తోసుకుపోయిందో చూసినా సరిపోతుంది. ఖాళీ బండే తగులుతుంటే కమాను అలిసిపోయి కూర్చుండిపోయిందని, దానికి మళ్ళీ వంపు పెట్టించాలి లేదా మార్చాలి. ఓవర్‌లోడ్‌తో తగులుతుంటే తగ్గించాల్సింది సరుకు.

ముందు వైపు ఇంకో సమస్య ఉంది, ముఖ్యంగా టాటా జెనాన్‌లా టార్షన్ బార్ (మెలితిరుగుతూ స్ప్రింగులా పని చేసే ఇనుప కడ్డీ) ఉన్న బండ్లలో. ఆ బారు కొసన ఒక బోల్టు తిప్పితే ముందు భాగం పైకి లేస్తుంది. ఖర్చు లేకుండా బండి ఎత్తుగా కనబడుతుందని చాలామంది తిప్పిస్తారు. బోల్టు తిప్పినందువల్ల బారు గట్టిపడదు. కానీ చక్రం కిందికి దిగడానికి ఉన్న చోటు పోతుంది. గుంతలో చక్రం దిగాల్సి వచ్చినప్పుడు చోటు లేక కంట్రోల్ ఆర్ము పై దిమ్మెకి "టక్"మని తగులుతుంది. డ్రైవరుకి అది గట్టి స్ప్రింగులా అనిపిస్తుంది. ఎత్తు కంపెనీ కొలతకి దించి, వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే పోతుంది. కాయిల్ మీద స్పేసర్లు పెట్టి లేపిన బండ్లకీ ఇదే జబ్బు. ముందు ఇనుప బుల్ బారు, విన్చి తగిలించినవాళ్ళకి దీనికి తిరగబడ్డ సమస్య: ఆ బరువుకి ముందు భాగం కుంగి, కింది రబ్బరుకి దగ్గరవుతుంది.

ఇప్పుడు షాక్‌లు

షాకు బరువు మోయదు. ఊపుని ఆపడం ఒక్కటే దాని పని. షాకు పోయిన బండి మెత్తగా, పడవలా ఊగుతుందనుకుంటాం, పెద్ద రోడ్ల మీద అది నిజమే. గతుకుల రోడ్డు మీద మాత్రం అలిసిన షాకు కూడా గట్టిగానే అనిపిస్తుంది. చక్రం సెకనుకు పదీ పదిహేను సార్లు ఎగురుతూ నేలని కొడుతుంటే ఆపేవాడు ఉండడు, పెద్ద గుంతలో కమాను నేరుగా రబ్బరు మీదికి పోతుంది.

బంపరు మీద నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పరీక్ష కార్లకి పనికొస్తుంది. కమాన్ల రాపిడే ఊపుని ఆపేస్తుంది కాబట్టి పికప్ వెనక భాగానికి అది నిజం చెప్పదు. ఇక్కడ పనికొచ్చేది వేడి. గతుకుల రోడ్డు మీద ఓ పావుగంట నడిపి, ఆపగానే నాలుగు షాక్‌ల ఒళ్ళూ చేత్తో ముట్టుకుని చూడండి. సైలెన్సరుకి, బ్రేకు డ్రమ్ముకి చెయ్యి తగలకుండా జాగ్రత్త. పని చేసే షాకు ఊపుని వేడిగా మార్చి వేడెక్కుతుంది. ఒకటి వేడిగా, దాని జోడీ చల్లగా ఉంటే చల్లనిది పని మానేసిందని. ఒంటి మీద తడి మరకకే భయపడక్కర్లేదు. నూనె చారలు కట్టి కారుతుంటే మార్చాలి, ఒకటి కాదు, జతగా.

మార్చేటప్పుడు "హెవీ డ్యూటీ" అన్న మాటకి లొంగకండి. అధిక పీడనం గ్యాసు నింపిన మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే) షాక్‌లు ఎడారుల్లోనో కొండల్లోనో వేగంగా తోలేవాళ్ళకి వరం. ఖాళీగా ఆఫీసుకి పోయే బండిలో అవే చిన్న గతుకుల్ని లోపలికి మోసుకొస్తాయి. ఇంకో రకం ఉంది, సాగేటప్పుడు మరీ గట్టిగా పట్టేవి. వరస గతుకుల్లో మొదటి దెబ్బకి పైకి పోయిన చక్రం కిందికి దిగేలోపు రెండో దెబ్బ తగులుతుంది, మూడోది తగులుతుంది, బండి మెట్టుమెట్టుగా కిందికి కూర్చుండిపోయి చివరికి రబ్బరు మీద నడుస్తుంది. మొదటి రెండు గతుకులు బాగుండి, తర్వాతవి ఘోరంగా అనిపిస్తే ఇదే. లోడు ఎక్కువ మోయని బండికి కంపెనీ రకం ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే) షాకే మేలని నా అభిప్రాయం.

ఒక పట్టీ వేయాలా, తీయాలా

పట్టీ గట్టిదనం దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. 7 మిల్లీమీటర్ల పట్టీ బదులు 8 వేస్తే ఆ పట్టీ దాదాపు 50 శాతం గట్టిపడుతుంది. ఒక్క మిల్లీమీటరుకి అంత తేడా. "పాతది దొరకలేదన్నా, దాదాపు అదే సైజు" అని వేసిన పట్టీ బండి స్వభావాన్నే మార్చేస్తుంది. సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నవాళ్ళు పట్టీలు లెక్కపెట్టి, మందం కొలిచి, కంపెనీ వివరాలతో సరిచూసుకోవడం మంచిది. పాత ఓనరు లోడు కోసం వేయించిన అదనపు పట్టీ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. అది తీయించి అసలు లెక్కకి తేవడం న్యాయమైన వైద్యం.

కంపెనీ ఇచ్చిన పట్టీల్లోంచి ఒకటి తీసేయడం మాత్రం వేరు. ఖాళీగా హాయిగా ఉంటుంది, నిజమే. కానీ బండి ఆర్‌సీలో రాసిన బరువు అన్ని పట్టీలూ ఉన్న కమానుకి. బ్రేకు కొట్టినప్పుడు యాక్సిల్ మెలితిరగకుండా పట్టుకునేది కూడా ఆ కట్టే. ఏనాడూ సరుకు ఎత్తనివాళ్ళు, కుటుంబంతో తిరగడానికే బండి వాడేవాళ్ళు, తక్కువ బరువు కోసమే తయారుచేసిన పూర్తి కమాను సెట్టు దొరికితే అది వేయించుకోవడం పద్ధతి. వాటిలో పట్టీలు తక్కువ, మధ్యలో మందంగా, కొసలకి పలచగా ఉంటాయి, ఒకదానికొకటి మధ్యలోనూ కొసల్లోనూ తప్ప తగలవు. మెత్తదనంతో పాటు రాపిడి కూడా తగ్గుతుంది. అటు, అదనపు పట్టీ వేయించినంత మాత్రాన చట్టం దృష్టిలో మోసే బరువు పెరగదు. ఓవర్‌లోడ్‌కి మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ కింద జరిమానా 20 వేలతో మొదలై, అదనపు టన్నుకి 2 వేల చొప్పున పెరుగుతుంది.

అన్నీ బాగున్నా ఒక వేగంలోనే కుదిపితే

కాంక్రీటు రోడ్లకి సాధారణంగా 4.5 మీటర్లకో కోత ఉంటుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఆ కోతలు సెకనుకు 3.7 సార్లు తగులుతాయి, 80లో 4.9 సార్లు. ఒంటికి బాధగా ఉండే హద్దు 4 దగ్గర మొదలవుతుందని పైన చెప్పుకున్నాం. అందుకే బాగున్న బండి కూడా కొన్ని కాంక్రీటు రోడ్ల మీద 80 దగ్గర ఆగకుండా తల ఊపిస్తుంది. వేగం పదో పదిహేనో తగ్గించగానే పోతే, తారు రోడ్డు మీద అసలు లేకపోతే, మెకానిక్ దగ్గర పని లేదు. రోడ్డు నున్నగా ఉన్నా ఒక వేగంలో వణుకు వస్తే మాత్రం అది చక్రాల బ్యాలెన్సింగు, టైరు ఉబ్బు, లేదా ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు సంగతి. సస్పెన్షన్ ముట్టుకోనక్కర్లేదు.

పాత బండి అయితే క్యాబిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే మౌంటు రబ్బర్లు కూడా చూడమనండి. అవి నలిగి పలచబడితే కింద ఎంత బాగుచేసినా దెబ్బ నేరుగా సీటుకి వస్తుంది. డ్రైవరు సీటులో స్పాంజి కుంగిపోయి కింది రేకు తగులుతున్న బండ్లూ ఉన్నాయి. రోజుకి పన్నెండు గంటలు అందులో కూర్చునే మనిషికి కొత్త స్పాంజి వేయించడం కమాన్ల పని అంత ముఖ్యం, ఓనర్లు దీన్ని దయచేసి విలాసం అనుకోవద్దు.

ఖర్చు పెట్టే వరస అడిగితే ఇలా చెబుతాను. ఈ రోజే గాలి సరిచేయండి, బస్తాల పరీక్ష చేయండి. తర్వాత బోల్టులు వదిలి నేలమీద బిగించడం, సుద్ద పరీక్ష, ఎత్తుల కొలత. ఆ తర్వాత కట్ట విప్పి శుభ్రం చేయించడం. ఇవన్నీ అయ్యాక కూడా చల్లగా ఉన్న షాకు దొరికితే షాక్‌లు. కమాను సెట్టు మార్చడం అన్నిటికన్నా చివర.

కట్ట విప్పిన ప్రతిసారీ, కమానుని యాక్సిల్‌కి బిగించి పట్టే యూ-బోల్టులు కొత్తవి వేయించండి. ఒకసారి సాగిన యూ-బోల్టు మళ్ళీ అంత బిగువు పట్టదు. వేయించాక 500 నుంచి 1000 కిలోమీటర్ల లోపు మళ్ళీ వెళ్ళి, బండి చక్రాల మీద ఉండగానే, టార్క్ రెంచితో ఇంకోసారి బిగింపు చూపించుకోవాలి. వదులైన యూ-బోల్టు సెంటర్ బోల్టుని కోసేస్తుంది, అప్పుడు యాక్సిల్ కమాను మీద నుంచి పక్కకి జరుగుతుంది.